పాట రాగానే లేచిపోయే మనిషి

మొన్న సినిమా సంగీతం రికార్డింగులో ఒక కుర్రాడు దగ్గాడు.

కొత్తగా చేరినవాడు, నా వెనక వరసలో కూర్చుని ఫిడేలు వాయిస్తాడు. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, కాస్సేపు నిశ్శబ్దం ఉండి, మళ్లీ ఎత్తుకోవలసిన చోటు ఒకటుంది. సరిగ్గా అక్కడ దగ్గాడు. నాలుగైదేళ్ల కిందటైతే ఆ కుర్రాడి పని అయిపోయినట్టే. కానీ ఎవరూ తల కూడా తిప్పలేదు. అద్దాల గదిలోంచి రికార్డిస్టు, "పర్వాలేదు, ఆ ముక్క చెరిపేస్తాను, అక్కడినుంచే అందుకోండి" అన్నాడు. ఇప్పుడంతా మాగ్నెటిక్ టేపు కదా, పలక తుడిచినట్టు తుడిచేయడమే. కుర్రాడు నవ్వుకుంటూ గ్లాసెడు మంచినీళ్లు తాగాడు. మేం మళ్లీ ఎత్తుకున్నాం.

ఆ పూట నేను వాయించిందేమిటో నాకే తెలియదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, తొండియార్‌పేటలో కాపురముండే మా డోలక్ ఆయనను అడిగాను, మీ పేటలో ఆ హార్బరు గుమాస్తా, ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని.

"ఎవరు, పాట వస్తే లేచిపోయే ఆయనేనా?" అన్నాడు. "ఆయన పోయి చాలా రోజులైందే. నీకు తెలీదా?"

తెలియదు. నాకెవరు చెబుతారు? నేను ఆయనకు చుట్టాన్ని కాను, ఇరుగుపొరుగు వాణ్ణీ కాను. మద్రాసులో ఇంతమంది జనంలో, మేం వాయించేది వినడానికని టిక్కెట్టు కొన్న మనిషి ఆయన ఒక్కడు. ఆ ఒక్కడూ పోతే ఆర్కెస్ట్రాలో ఈ డోలక్ ఆయనకు తప్ప ఇంకెవరికీ కబురు లేదు. కలిపిన పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను.

ఆయన తిరకాసు మనిషి. సినిమాకు వెళ్లే జనం పాటల కోసం వెళతారు. ఈయన పాట మొదలవుతోందని తెలియగానే కండువా దులుపుకుని లేచేవాడు. వరసలో ఉన్నవాళ్ల మోకాళ్లు తోసుకుంటూ బయటికి నడిచేవాడు. వాళ్లు తిట్టేవాళ్లు. బయట గోలీసోడా కొట్టించుకుని, లోపల పాట అయ్యేదాకా తాపీగా తాగి, మళ్లీ ఆ మోకాళ్లనే తోసుకుంటూ లోపలికి వచ్చేవాడు. మళ్లీ తిట్లు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"పాట ఏడికి పోతాది అబ్బయ్యా," అనేవాడు నాతో. "రేపు గ్రామఫోను ప్లేటు వస్తాది. రేడియోలో వస్తాది. కాఫీ హోటల్లో వేస్తారు, పెండ్లి పందిట్లో వేస్తారు, వద్దన్నా చెవుల్లో పోస్తారు. ఇది అట్ట కాదే. ఇది ఈడ తప్ప ఏడా దొరకదు."

'ఇది' అంటే పాటలు కాకుండా మేం వాయించే మిగతా సంగీతం. కథానాయిక కిటికీ దగ్గర నిలబడితే వినిపించే ఫిడేళ్లు, జట్కాబండి వీధి మలుపు తిరిగిపోతుంటే వినిపించే క్లారినెట్టు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాన్లు ఆపేసిన హాల్లో, ముప్పైమందిమి చెమటలు కక్కుతూ వాయించేవాళ్లం. దాని మీద మాటలు పడేవి, వాన చప్పుడు పడేది, థియేటర్లో పసిపిల్లల ఏడుపులు పడేవి, ఇక మా వాయిద్యం విన్నవాడెవడు? అది ప్లేట్లుగా రాదు. మా పేర్లు ఎక్కడా వెయ్యరు. మాకే గుర్తుండేది కాదు. పొద్దున వాయించింది మరిచిపోతేనే గదా సాయంత్రం ఇంకో సినిమాకు వాయించగలిగేది.

ఆయనకు గుర్తుండేది. ఆయనను నేను మొదట చూసింది తొండియార్‌పేటలోని ఒక టాకీసులో, ఆదివారం మ్యాట్నీలో. ఆ రోజు ఏ పనీ లేక, నేను వాయించిన సినిమాకే నేను వెళ్లాను. తెర మీద ఒక ముసలితల్లి దీపం తగ్గించి పడుకోబోతోంది. మాటల్లేవు. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకున్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు.

"విను, విను," అన్నాడు కళ్లు మూసుకునే. "ఇప్పుడు ఫిడేళ్లన్నీ దిగిపోతాయి. ఒకటి మాత్రం దిగదు. చూస్తా ఉండు."

ఒకటి మాత్రం దిగలేదు. ఆ దిగని ఫిడేలు నాది. సంగీత దర్శకుడు రాసిచ్చినట్టు వాయించాను, అంతకుమించి నేను పట్టించుకున్నదేమీ లేదు. ఆ మాటే చెప్పాను, అది నేనేనండీ అని. ఆయన కళ్లు తెరిచాడు. నా ఎడమచెయ్యి తీసుకుని వేళ్ల కొసలు తడిమి చూశాడు. తీగల ఒరిపిడికి కాయలు కాచిన వేళ్లు తగిలాక నమ్మాడు. ఆ తర్వాత పాట వచ్చింది. లేవడం మరిచిపోయి, నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు.

పొట్టి మనిషి. నల్లకోటు, పంచె, కోటు జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. తాతల నాడే మద్రాసు చేరిన కుటుంబం, తెలుగులో ఎత్తుకున్న మాటను అరవంలో దించేవాడు. తన నవ్వు మాత్రం ఎవరికీ వినిపించనిచ్చేవాడు కాదు, భుజాలు కదిలేవి, అంతే. హాల్లో ఎవరైనా మాట్లాడితే వెనక్కి తిరిగి, కాస్త ఆగమని, "కొంచం ఇరు సామీ, ఆడ వాయిస్తా ఉండారు" అనేవాడు, అక్కడేదో కచేరీ జరుగుతున్నట్టు. ఎదుటివాడికి అర్థమయ్యేది కాదు, తెర మీద ఎవరూ ఏమీ వాయించడం లేదు మరి.

ఇక ఆయన కూడబెట్టినదాని సంగతి. సంగీతాన్ని అప్పట్లో విడిగా ఒక ఫిల్ము మీద ఎక్కించేవాళ్లు. దాన్ని మాటలతో కలిపేశాక, ఉత్త సంగీతమున్న ఆ ఫిల్ముతో ఎవరికీ పని ఉండదు. బస్తాల్లో కుక్కి సౌకార్‌పేటలో పాత ఫిల్ము కొనే సేటుకు వేసేవాళ్లు. సేటు దగ్గర గాజుల తయారీవాళ్లు కొని, కరిగించి, చేతిగాజులు చేసేవాళ్లు. ఈయన శనివారం ఆఫీసు కాగానే అక్కడికి నడిచి వెళ్లి, బస్తా ముందేసుకుని కూర్చునేవాడు. ఒక్కో ముక్కా తీసి వెలుతురుకు పట్టేవాడు. బొమ్మలుంటే పక్కన పారేసేవాడు. బొమ్మల్లేకుండా అంచున రంపప్పళ్ల లాంటి గీత ఒకటే ఉంటే, అది సంగీతమన్నమాట, చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకునేవాడు.

"ఈ ఊళ్లో ఆడోళ్ల చేతుల నిండా మీ ఫిడేళ్లే ఉండాయి అబ్బయ్యా," అని నన్ను ఆటపట్టించేవాడు. "గలగలమంటే చాలు, ఏ సినిమాదో చెప్పేస్తా."

ఇంట్లో అవన్నీ బిస్కెట్టు డబ్బాల్లో ఉండేవి. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే సరుకు. దానికోసం ఆయన చుట్ట మానేశాడు. ఆయన భార్య పొయ్యిని పెరట్లోకి మార్చుకుంది. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆవిడ కాఫీ ఇచ్చి, "నాకు సవతి పోరు లేదనుకున్నా అన్నా. డబ్బాల్లో పెట్టి తెచ్చినాడు" అంది. ఆయన భుజాలు కదిలాయి.

ఆ ముక్కలు వినడానికి ఇంట్లో యంత్రమేదీ? టాకీసులో ప్రొజెక్టరు ఆపరేటరు ఆయన వీధివాడే. ఎప్పుడైనా ఆదివారం ఉదయం, హాలు ఊడ్చే వేళకు, ఆ ముక్కలన్నీ అతికించి ఒక రీలుగా వేసేవాడు. అలాంటి ఒక ఉదయం నన్నూ రమ్మన్నారు. తెర మీద బొమ్మ లేదు, ఉత్త తెల్లటి వెలుగు. ఓ పక్క చీపురు చప్పుడు. అప్పుడు వచ్చింది సంగీతం. గరగరమంటూనే వచ్చింది గానీ, మాటల్లేవు, ఏడుపుల్లేవు, మేం వాయించింది మేం వాయించినట్టు. వాయించేవాడికి పక్కవాడి మోత తప్ప మొత్తం ఎక్కడ వినిపిస్తుంది? ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ మా వాయిద్యం నేను విన్నది ఆ రోజే. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఓరగా చూసి "ఎట్ట?" అన్నాడు, సొంత ఆస్తి చూపించినవాడిలాగా. అవును, ఆయన ఆస్తే అది.

ఆ ఉదయం ఆయన పక్కన కొడుకున్నాడు. ఒక్కడే కొడుకు, ఇరవయ్యేళ్లవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. తండ్రి పక్కన కూర్చుని ఈ సంగీతం విని విని పెరిగాడు. పెండ్లి బ్యాండులో వాయించే ఒకాయన దగ్గర క్లారినెట్టు నేర్చుకున్నాడు. బాగానే వాయించేవాడు. మధ్య మధ్య దగ్గేవాడు. చలికాలం అన్నారు, మంచు పడలేదన్నారు, తర్వాత ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తుల జబ్బన్నారు. సూదిమందులు వేయించాక కొంత తేరుకున్నాడు.

"వీణ్ణి పాటలకు పిలవొద్దు అబ్బయ్యా," అని నన్ను అడిగాడు ఆయన. "నేను వినేదానికి పిలిపించు. ఒక్కసారి తెర ముందర కూర్చుని మావాడు వాయించేది వినాల నేను."

మా సంగీత దర్శకుడితో చెప్పాను. ఒక సినిమాకు కుర్రాణ్ణి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

అప్పట్లో మా పని ఎలా ఉండేదో చెబితేగాని జరిగింది అర్థం కాదు. అందరికీ కలిపి ఒకే మైకు. ఫిల్ము తిరగడం మొదలైతే ముప్పైమందీ చివరిదాకా తప్పులేకుండా వాయించాలి. ఒక్కరు తప్పినా మొదటికి రావాలి, ఆ ఫిల్మంతా దండగ. అందుకని ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఆ రోజు మొదటి టేకు తబలా ఆయన వల్ల చెడింది. రెండో టేకు సజావుగా నడిచింది. వాయిద్యాలన్నీ ఆగే చోటుకు వచ్చాం. ఆ నిశ్శబ్దం తర్వాత క్లారినెట్టు ఒక్కటే ఎత్తుకోవాలి. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి దగ్గు వినిపించింది.

సంగీత దర్శకుడు చేతిలో తాళం వేసే పుల్ల విసిరేశాడు. అందరం తిరిగి కుర్రాడి వంక చూశాం. ఆ పొద్దున ఇడ్లీలు తినేటప్పుడు వాడు దగ్గడం అందరూ విన్నారు. వాడు లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. క్లారినెట్టు పెట్టెలో పెట్టుకుని బయట కూర్చోమన్నారు. ఇంకొకరికి కబురంపి పిలిపించారు. తనకు రాసిచ్చినదాంట్లో ఒక్క స్వరమైనా వాయించకుండానే వాడు ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరూ వాణ్ణి పిలవలేదు. ఆ పిల్లవాడు దగ్గుతాడటగా అనేవాళ్లు. వానాకాలంలో జబ్బు తిరగబెట్టింది. మంచం దిగలేదు. సంక్రాంతికి బజారులో అరటిగెలలు దిగే రోజుల్లో పోయాడు.

కర్మ అయిన కొన్నాళ్లకు ఆయన నా గదికి వచ్చాడు. కూర్చోలేదు. "చెడిపోయిన టేకు ఏమైతాది అబ్బయ్యా?" అన్నాడు.

మిగతా వాటితో పాటు బస్తాల్లోకి పోతుందన్నాను.

"అయితే సౌకార్‌పేటకు వస్తాది."

"ఎందుకండీ అది మీకు?"

"మావాడు సినిమాలో చేసిన చప్పుడు అదొక్కటే గదా," అన్నాడు.

నేను కోప్పడ్డాను. మీకేమన్నా పిచ్చా అన్నాను, గాజుల వాళ్ల పొయ్యిలో ఎప్పుడో కరిగిపోయి ఉంటుందన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. శనివారాలు పోయి రోజూ సాయంత్రం అయింది. సేటు దుకాణం మూసేదాకా బస్తాల ముందే. ఒకసారి వెళ్లి చూశాను. మేం ప్రాణం పెట్టి వాయించిన ముక్కలు, ఒకప్పుడైతే కళ్లకద్దుకునేవి, చూసి అవతల పారేస్తున్నాడు. భూతద్దం పెట్టి ఆయన వెతుకుతున్నది వేరే. రంపప్పళ్ల గీత నడుమ కొంత దూరం నున్నగా ఉండాలి, అది నిశ్శబ్దం. ఆ నున్నటి చోట ఒక్క ముల్లు లేచి ఉండాలి. మిగతా సంగీతమంతా ఆయనకు అడ్డమైపోయింది. సినిమాలకు వెళ్లడం మానేశాడు. గాజుల మాట ఎత్తేవాడు కాదు. బస్సులో ఎదురుగా ఆడవాళ్లు కూర్చుంటే వాళ్ల చేతుల వంక చూసి మొహం తిప్పుకునేవాడు.

"దగ్గు వినాలని తిరుగుతా ఉండాడు అన్నా," అంది ఆవిడ ఒకనాడు. "రెండేండ్లు ఆ దగ్గు ఆగితే చాలని మొక్కని దేవుడు లేడు. ఆగిపోయినాక, ఈయన పోయి ఎతుకుతా ఉండాడు." నాకు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

చివరికి దొరికింది. నేనైతే దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. బస్తా అడుగున, టేకు మొదలు కూడా తెగకుండా, మొత్తం చుట్ట దొరికింది. ఆయన మైలాపూరుకు, నా గదికి, పొద్దున్నే వచ్చి "పా అబ్బయ్యా, ఆదివారమే గదా" అన్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నాకు వెళ్లాలని లేదు. ఒంటరిగా పంపడానికీ మనసొప్పలేదు.

ఆపరేటరు రీలు ఎక్కించాడు. తెర మీద తెల్లటి వెలుగు పడింది. మా సంగీత దర్శకుడి సహాయకుడి గొంతు సినిమా పేరు చెప్పింది, రెండో టేకు అంది. అదే. మేం వాయించడం మొదలుపెట్టాం. ఎంత బాగా వాయించామో ఆ రోజు, ఆ మాట కూడా చెప్పాలి. ఆయన కళ్లు మూసుకోలేదు. తెర వంకే చూస్తున్నాడు, అక్కడేదో కనిపిస్తుందన్నట్టు. వాయిద్యాలన్నీ ఆగాయి. నిశ్శబ్దం వచ్చింది. దగ్గు వినిపించింది. "కట్" అని అరుపు. అయిపోయింది.

"ఇంకోసారి వెయ్యప్పా," అన్నాడు పైకి చూసి.

ఇంకోసారి వేశాడు. ఆ తర్వాత మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశాడు. ఊడ్చే మనిషి కూడా చీపురు ఆపి నిలబడింది.

"ఇది మావాడిది కాదు," అన్నాడు.

గరగరలో అలా వినిపిస్తుంది లెండి, పాత ఫిల్ము అన్నాను. ఏదో ఒకటి చెప్పి ఆయనను లేవదీయాలని నా తాపత్రయం.

"గోడ అవతల పండుకుని రెండేండ్లు విన్నా అబ్బయ్యా. మావాడిది సన్నంగా వస్తాది. ఆపుకోబోయి, ఆపుకోలేక, రెండుగా వస్తాది. ఇది ఎవరో లావుపాటాయనది. వయసైన మనిషిది." నా వంక చూశాడు. "నువ్వూ విన్నావు గదా. చెప్పు."

విన్నాను. బొంగురుగా, గొంతు నిండా వచ్చిన దగ్గు. కుర్రాడి ఛాతీలోంచి వచ్చేది కాదు. మా ముప్పైమందిలో ముక్కుపొడి పీల్చేవాళ్లున్నారు, చుట్టలు కాల్చేవాళ్లున్నారు. ఎవరిదైనా కావచ్చు. ఆ రోజు ఎవరూ ఎవరినీ అడగలేదు. దగ్గేవాడు ఒకడున్నాడని తెలుసు, వాడి వంక చూశాం. ఇప్పుడు కూడా ఆ రికార్డింగు హాల్లో కూర్చుంటే నా ముసలి స్నేహితుల మొహాలు ఒక్కొక్కటే చూస్తుంటాను. ఎవరని అడగను?

"కాదండీ," అన్నాను. "మీ అబ్బాయిది కాదు."

ఆపరేటరు కిందికి దిగి వచ్చి, ఈ ముక్క ఏం చేయమంటారని అడిగాడు.

"సేటుకు పంపించెయ్. ఇంట్లో డబ్బాలు కూడా వచ్చి తీసుకోమని చెప్పు. గాజులు చేసుకుంటారు."

బయటికి వచ్చాం. గోలీసోడా దుకాణం అతను చాలా రోజులకు వచ్చారే అని, అడగకుండానే ఒక సీసా కొట్టి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తాగలేదు. చేతిలో సీసా నురగలు పొంగి పంచె మీద కారుతోంది, చూసుకోవడం లేదు.

"ఆ పొద్దు ఇంటికొచ్చి వాడు చెప్పినాడు అబ్బయ్యా," అన్నాడు. "చేతిలో పెట్టె కింద పెట్టకుండానే చెప్పినాడు. నాయనా, నేను దగ్గలా అన్నాడు."

నేను ఆ సీసా తీసుకుని బల్ల మీద పెట్టాను. ఆయన చెబుతూనే ఉన్నాడు.

"సెరి లేరా, పోయి పండుకో అన్నా. నిజంగా దగ్గలా నాయనా అన్నాడు. సెరి సెరి, పోయి పండుకో అన్నా. ఇంక ఆ మాట ఎత్తలా వాడు. పోయేదాకా ఎత్తలా."